గోధుమరవ్వ ఉపవాసాలు

జనక్‌పురి,
ఢిల్లీ.

అక్కకు, బావగారికి నమస్కారాలు. అందరూ ఎలా ఉన్నారు? పాపకి పళ్ళొచ్చాయా? నేనిక్కడ బాగున్నాను. ఈ మాట ఇన్నాళ్ళూ అబద్ధంగా రాశాను, ఈసారి నిజం.

ఆరు నెలలుగా నా సంగతి నీ దగ్గర దాచాను. ఊరికే ఏడుపు, ఊరికే కోపం. ఆఫీసులో ప్రింటరు కాగితం మింగేస్తే ఏడ్చాను. నేను అద్దెకుంటున్న ఇంటి పంజాబీ ఆంటీ "ఇంకో పరాఠా, బేటీ?" అంటే కసురుకున్నాను, కసురుకుని మరీ తిన్నాను. చదివింది బుర్రకెక్కేది కాదు. పిచ్చెక్కుతోందేమోనని హడలిపోయానక్కా.

అమ్మకి ఫోన్లో చెబితే "మనశ్శాంతికి శనివారాలు ఒంటిపూట ఉండవే, రాత్రికి ఫలహారం చేసుకో" అంది. ఫలహారమంటే ఏముంది, గోధుమరవ్వ ఉప్మా. ఆదివారానికల్లా కడుపుబ్బరం, ఏడుపు రెట్టింపు. "అయితే సోమవారాలు కూడా ఉండు" అంది. ఆ తరువాత గురువారాలు. భక్తి పెరిగేకొద్దీ నా పని అయిపోయింది.

చివరికి ఆంటీయే రెక్క పట్టుకుని డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళింది. పరీక్షలన్నీ అయ్యాక ఆయన, "ఇది సీలియాక్ జబ్బు. గోధుమ మీ పేగులకు పడదు, దానివల్ల మనసూ దెబ్బతింటుంది. జీవితాంతం ముట్టకండి" అన్నాడు.

"మరేం తినను?"

"చావల్ ఖాయియే."

అక్కడే భోరుమన్నాను. ఢిల్లీలో నన్ను అన్నం తినమన్న మొదటి మనిషి ఆయనే! ఆంటీకి మాత్రం బెంగ పట్టుకుంది, "రోటీ లేకుండా మనిషెలా బతుకుతుంది, హే భగవాన్" అని.

రెండు నెలలైంది. కడుపు కుదుటపడింది. మనసుకి ఇంకా టైము పడుతుందట, వారానికోసారి ఒక మేడమ్‌తో మాట్లాడి వస్తున్నాను. ఆవిడ మధ్యలో అడ్డురాకుండా వింటుంది. మనింట్లో అలవాటు లేదు కదా, మొదట భయమేసింది. కాస్త కందిపొడి పంపు, ఇంగువ వెయ్యకు. కొట్లో ఇంగువలో గోధుమపిండి కలుపుతారట.

ఇక అసలు సంగతి. మొన్న మళ్ళీ చూపించుకోడానికి వెళితే, ఇది రక్తసంబంధీకులకీ ఉండొచ్చు, పరీక్ష చేయించమన్నాడు డాక్టరు. నాకు వెంటనే అమ్మ గుర్తొచ్చింది. ముప్పై ఏళ్ళుగా వారానికి మూడు ఉపవాసాలు, రాత్రికి అదే ఉప్మా, మర్నాడు మన వీపులు విమానం మోత. వంటింట్లో ఒక్కతే కూర్చుని ఏడ్చేది, ఎందుకని అడిగితే తెలియదనేది. అమ్మది చెడ్డ కోపమని నవ్వుకునేవాళ్ళం. జబ్బేమో అక్కా.

ఈ వారమే తీసుకెళ్ళు, నువ్వూ చేయించుకో. అప్పటిదాకా ఉప్మా మానిపించకు, మానేస్తే పరీక్షలో తేలదట. తను చెప్పిన ఉపవాసాలతోనే నాకు ముదిరిందని మాత్రం చెప్పకు, కుమిలిపోతుంది. నాన్నగారికీ అత్తయ్యగారికీ నా నమస్కారాలు, పాపకి ముద్దులు. మీ దీవెనలు కోరుతూ,

నీ చెల్లెలు
పద్మ