బ్యాంకాయన ముందు ఏడుపు వద్దు

ఏవండీ,

పొద్దెక్కితే మంచి జిప్పులు దొరకవని మిమ్మల్ని లేపకుండానే బజారుకు వెళ్తున్నాను. పదింటికి బ్యాంకాయన మన సంచుల కొట్టు చూడటానికి వస్తాడు. రెండో కుట్టుమిషన్‌కు లోన్ ఇచ్చేదీ లేనిదీ ఇవాళే తేల్చేస్తాడట. ఆ మిషన్ రాకపోతే బడులు తెరిచేలోపు ఒప్పుకున్న సంచులు కుట్టలేం. బేరం కాస్తా ఎదురు కొట్టువాడి పాలవుతుంది.

కుట్టినవన్నీ ముందు అరల్లో సర్దండి. నోరు మాత్రం జాగ్రత్త. వ్యాపారం ఎలా ఉందని ఎవరడిగినా, చేబదులు అడుగుతారేమోనని "ఏం వ్యాపారం లెండి, ఈగలు తోలుకుంటున్నాం" అనడం మీకు అలవాటు. ఈయన అడిగేవాడు కాదు, ఇచ్చేవాడు. "చేతినిండా పని ఉందండీ" అనండి. అది నిజం కాబట్టి మీకు నోరు తిరుగుతుందో లేదోనని నా భయం.

ఆ మాట నిన్న వచ్చిన మా తమ్ముడి చెవిన పడకూడదు. వాడికి వెనక గదిలో టిఫిన్ పెట్టి, తలుపు దగ్గరగా వేయండి.

ఇంకో మాట. వాడు వచ్చింది చేబదులు అడగడానికే. నిన్న మీ ఏడుపు విని కరిగిపోయి, "బావని బెంగపడొద్దను అక్కా" అంటూ తన జేబులో ఉన్నదంతా నా చేతిలో పెట్టాడు. నేను వద్దనలేదు. జిప్పులు ఆ డబ్బుతోనే కొంటున్నాను. లోన్ రాగానే ముందు వాడిదే తీర్చేద్దాం, వడ్డీతో సహా. అందాకా వాడి ముందు మీరు నవ్వకండి.