వడ్రంగిపిట్ట తల ఏ రంగు?

సోమవారం, పొద్దున

చిరంజీవి బావమరిదికి ఆశీస్సులు. ఇక్కడ నేనూ మీ అక్కా బాగున్నాం. నువ్వూ నీ గడియారాలూ సవ్యంగా నడుస్తున్నాయని తలుస్తాను.

చెరువు చుట్టి వస్తే పది నిమిషాల దూరంలో ఉన్నవాడికి ఉత్తరమేమిటని నవ్వకు. ఫోన్ చేస్తే నన్ను నువ్వు మాట్లాడనివ్వవు, నిన్ను నేను మాట్లాడనివ్వను. కాగితమైతే చివరిదాకా వినక తప్పదు. మీ అక్క లైబ్రరీ ఉద్యోగానికి వెళ్తూ పొద్దున నా ఉత్తరం నీ షాపులో ఇస్తుంది, సాయంత్రం వస్తూ నీ జవాబు తెస్తుంది.

ఇరవై రెండేళ్లుగా ఏటా జరిగే పక్షుల లెక్కింపులో మనిద్దరిదీ ఒకటే జట్టు, ఒకటే బైనాక్యులర్స్. పాతదాని ఎడమ గొట్టానికి బూజు పట్టి గుడ్డిదైపోయాక మూడేళ్లు ఒంటికన్నుతోనే నెట్టుకొచ్చాం. ఇప్పుడు ఒక మేలురకం కొందామనుకుంటే దుకాణంవాడు రెండిచ్చి, చూసి తేల్చుకోండన్నాడు. శనివారం ఒకటి వెనక్కి ఇచ్చెయ్యాలి. ఆదివారం లెక్కింపు.

నా దగ్గరున్నది పన్నెండింతలు చూపించే పెద్దది. చెరువు గట్టున ఎండిపోయిన మోడు ఉందే, దాని తొర్రలో వడ్రంగిపిట్ట కాపురం పెట్టింది. ఈరోజు ఆరింటికి మా డాబా మీంచి చూశాను. తొర్రలోంచి తల బయటికి పెట్టింది. నుదుటి నుంచి వెనకదాకా నిండు ఎరుపు. ముప్పై ఏళ్లు రైలింజను నడిపి దూరపు సిగ్నల్ రంగు చెప్పి బతికినవాణ్ణి, ఇంత చక్కటి ఎరుపు చూళ్లేదు. నువ్వు నీ ఎనిమిదింతల చిన్నదానితో అదే పిట్టని చూసి రాయి. పిట్ట ఒకటి, అద్దాలు రెండు. పోల్చడమంటే అలాగే పోల్చాలి.

మీ బావ

తా.క. నా చెయ్యి కొంచెం వణికితే పిట్ట కూడా వణుకుతోంది. అది పిట్ట తప్పే.

—

సోమవారం, సాయంత్రం

బావగారికి నమస్కారాలు. ఉభయకుశలోపరి.

షాపు మూసేముందు ఐదున్నరకి కిటికీలోంచి చూశాను. వెలుతురు తగ్గుతున్నా నా చిన్నదాంట్లో దీపం పెట్టినట్టు కనిపించింది. మోడు మొత్తం ఒక్క చూపులో ఇమిడింది, వెతుక్కునే పని లేదు. కళ్లజోడు తియ్యక్కర్లేకుండానే చూశాను.

అయితే బావా, దాని తల నిండు ఎరుపు కాదు. నుదురు నలుపు, దానిమీద ఆవగింజల్లాంటి తెల్లచుక్కలు. ఎరుపు వెనకాల జుట్టుకి మాత్రమే ఉంది. నేను వాచీ లోపల వెంట్రుకంత స్ప్రింగు చూసి బతికేవాణ్ణి, చుక్కలు నాకు పొరపాటున కనిపించవు. మీ పెద్ద అద్దం రంగులు పులిమేస్తున్నట్టుంది.

మీ బావమరిది

తా.క. దాన్నే కొంటే ఆదివారం మన జట్టు కాకుల్ని కూడా చిలకలని రాసి వస్తుంది.

—

మంగళవారం, పొద్దున

బావమరిదికి ఆశీస్సులు, కొంచెం తగ్గించి.

ఈరోజు మళ్లీ ఆరింటికి చూశాను. ఎరుపే. అనుమానం తీరాలని దండెం మీద ఆరేసిన మీ అక్క నల్లగొడుగు చూశాను, నల్లగానే ఉంది. నా ఎర్ర తువ్వాలు చూశాను, ఎర్రగానే ఉంది. కాబట్టి నా అద్దం సత్యవంతురాలు. నువ్వు గడియారాలు తుడిచే నూనెగుడ్డతోనే నీ అద్దం కూడా తుడిచి ఉంటావు, ఆ మరకలే నీ చుక్కలు.

వాదన వద్దు, మార్చుకుందాం. నాది మీ అక్క మెడకి తగిలించి పంపుతున్నాను. నీది సాయంత్రం అలాగే పంపు.

మీ బావ

తా.క. బరువుకి మెడ పట్టేస్తోందంటోంది. రెండుసార్లు మోస్తే అదే అలవాటవుతుంది.

—

మంగళవారం, సాయంత్రం

బావగారికి నమస్కారాలు.

మీ పెద్దదాంతో ఐదున్నరకి చూశాను. నలుపే. చుక్కలు ఇంకా పెద్దగా కనిపించాయి. మీ అద్దాన్ని అన్నందుకు క్షమాపణ. కాకపోతే నా చేతిలో కూడా పిట్ట వణికింది, మోడు వణికింది, గట్టున కూర్చున్న మేక కూడా వణికింది. చివరికి గోడకి ఆనుకుని చూడాల్సొచ్చింది.

అద్దంలో తప్పు లేదంటే ఇక తప్పెక్కడుందో మీకు తెలీనిది కాదు. కోప్పడకుండా ఒకసారి కళ్లు చూపించుకోండి బావా.

మీ బావమరిది

తా.క. మీ రైళ్లెక్కి క్షేమంగా దిగినవాళ్లని తలుచుకుంటే నాకు వాళ్ల అదృష్టం మీద గౌరవం పెరిగింది.

—

గురువారం, పొద్దున

బావమరిదికి.

నీ చిన్నదాంతో రెండు రోజులు చూశాను. తేలిగ్గా ఉంది, వణకడం లేదు, కళ్లజోడుకి బాగా సరిపోయింది. ఈ మాట నీకు చెప్పకూడదనుకున్నాను, కానీ కలం జారింది. పిట్ట తల మాత్రం దాంట్లో కూడా ఎరుపే.

నిన్న కళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లాను. అడుగు వరస అక్షరాలు కూడా గడగడా చదివేస్తే నాకంటే మీకే బాగా కనిపిస్తోందన్నాడు. చీటీ జతచేశాను, అద్దం కట్టించి షాపులో తగిలించుకో. ఇప్పుడు నీ వంతు. రోజంతా ఒక కన్ను మూసి రెండో కంటికి భూతద్దం తగిలించుకునే నీకు లోకం సగమే కనిపిస్తుందని నా గట్టి నమ్మకం.

మీ బావ

తా.క. చీటీ వెనకాల మీ అక్క పాల లెక్క రాసింది. దాన్ని చదవకు.

—

గురువారం, సాయంత్రం

బావగారికి.

అదే డాక్టరు, అదే కుర్చీ. నా కళ్లూ బంగారంలా ఉన్నాయట. మీ ఇంట్లో అందరికీ ఇదే జబ్బా అని అడిగి ఇంకో డాక్టరుని కూడా పిలిచి చూపించాడు. పరువు పోయింది.

అద్దాలు మంచివి, కళ్లు మంచివి. ఇక మిగిలింది నోరు. ఎవరో ఒకరు చూడంది చూశామంటున్నారు. అది నేను కాదని నాకు తెలుసు. లెక్కింపు కాగితం మీద ఇద్దరం సంతకం పెట్టాలి బావా. లేని ఎరుపు రాసే చేతి పక్కన నా సంతకం ఎలా పెట్టమంటారు? ఈ ముక్క రాస్తుంటే నాకు ముద్ద దిగడం లేదు, అయినా రాయకుండా ఉండలేకపోతున్నాను.

బావమరిది

తా.క. ఈరోజు కూడా నలుపే. ఒట్టు.

—

శుక్రవారం, పొద్దున

గడియారాల షాపు యజమానిగారికి.

అబద్ధాలకోరుతో మీరు జట్టు కట్టనక్కర్లేదు. పెద్దది మీరు కొనుక్కోండి, చిన్నది నేను కొనుక్కుంటాను. అందుకు అప్పు చెయ్యాల్సొస్తుంది, చేస్తాను. ఆదివారం మీరు తూర్పు గట్టు, నేను పడమటి గట్టు. ఇరవై రెండేళ్లలో పక్కన ఎవరూ లేకుండా నేనొక్క పక్షిని కూడా లెక్కపెట్టలేదు. ఎలా పెడతానో నాకే తెలీదు.

ఇట్లు,
మాజీ బావ

తా.క. పాత ఒంటికన్ను బైనాక్యులర్స్‌లో సగం మీది. గుడ్డి సగం విడదీసి పంపమంటారా?

—

శుక్రవారం, సాయంత్రం
(రెండు ప్రతులు: ఒకటి డాబా మీదికి, ఒకటి షాపుకి)

మావారికీ మా తమ్ముడికీ,

నేను బాగానే ఉన్నాను. ఈ వారమంతా ఎవరూ అడగలేదు కాబట్టి నేనే చెప్పుకుంటున్నాను. మెడ మాత్రం బాగాలేదు.

మీరిద్దరూ ఏనాడూ కవర్లు అంటించలేదు. అందుకని మీ ఉత్తరాలన్నీ నేను చదివాను. తమ్ముడూ, ఈరోజు పొద్దుటి ఉత్తరం నీకివ్వలేదు, చింపేశాను. అందులో మీ బావ ఏం రాశాడో అడక్కు. ఆయన మనసులో ఉన్న మాట మాత్రం ఒకటే: నువ్వు పక్కన లేకపోతే ఆయనకి లెక్క రాదు.

రోజూ తొమ్మిదింటికి ఆ మోడు కిందనుంచే వెళ్తాను, ఆరింటికి దాని కిందనుంచే వస్తాను. పొద్దున ఎర్రతల, సాయంత్రం చుక్కల తల. మీరు కొట్టుకుంటున్నది దీనిగురించేనా అని ఈ మధ్యాహ్నం గట్టు మీద కూర్చుని డబ్బా విప్పాను. రెండు ముద్దలు తిన్నానో లేదో, చుక్కలపిట్ట ఎగిరొచ్చి మోడుని పట్టుకుని టకటకమని రెండు దెబ్బలు కొట్టింది. లోపలినుంచి ఎర్రపిట్ట బయటికొచ్చి ఎగిరిపోయింది. చుక్కలది లోపలికి దూరింది. అంతే.

నాయనలారా, అవి రెండు పిట్టలు. మొగుడూ పెళ్లాం. వంతులేసుకుని గుడ్లు పొదుగుతున్నాయి. ఏమండీ, మీరు చూసింది మగపిట్టని. తమ్ముడూ, నువ్వు చూసింది ఆడపిట్టని. ముప్పై ఏళ్లు షిఫ్టు డ్యూటీ చేసిన మనిషొకరు, పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి గడియారాలు బాగుచేసే మనిషొకరు. ఉత్తరాల నిండా ఆరింటికి, ఐదున్నరకి అని రాసుకుంటూనే ఉన్నారు, ఒక్కరికీ వేళ తేడా తట్టలేదు. అద్దాల్ని అనుమానించారు, కళ్లని అనుమానించారు, చివరికి ఒకర్నొకరు అనుమానించారు.

ఇంటికొస్తూ లెక్కింపు కమిటీ పెద్దాయన దగ్గర మన జట్టు పేర్లు రాయించాను. ఈసారి ముగ్గురం. మొదటి పేరు నాది, ఎందుకంటే రెండు పిట్టల్నీ చూసింది నేనొక్కదాన్నే, అదీ ఏ అద్దమూ లేకుండా. చిన్నది కొంటున్నాం. వణకదని మీరిద్దరూ రాతపూర్వకంగా ఒప్పుకున్నారు. పైగా మెడలో వేసుకునేది నేను. తమ్ముడూ, రేపు ఆ పెద్దదాన్ని నువ్వే మోసుకెళ్లి దుకాణంలో ఇచ్చిరా. అలాగే ఇటొచ్చి మీ బావతో భోంచెయ్యి. రెండు రోజులుగా ఆయనకీ ముద్ద దిగడం లేదు.

మీ ఆవిడ,
నీ అక్క

తా.క. లైబ్రరీలో పుస్తకం తీసి చూశాను. ఈ పిట్టల్లో రాత్రంతా గూట్లో కూర్చుని పొద్దుటి డ్యూటీ కూడా చేసేది మగదేనట. ఏమండీ, రేపు ఆరింటికి మీరు వంటింట్లో పాలు కాచండి. నేను డాబా ఎక్కి, తల ఏ రంగో అక్కణ్నుంచి చెప్తాను.