నర్సమ్మ కారుకు పర్మిట్

పార్కింగ్ విభాగం అధికారిగారికి నమస్కారం.

మా గుమ్మాల ముందు ఎవరెవరివో బళ్ళు ఆపేస్తున్నారని, మా వీధిలో పర్మిట్ ఉన్న బళ్ళే ఆగాలన్న నిబంధన కోసం ఇల్లిల్లూ తిరిగి సంతకాలు పెట్టించింది నేనే. కాబట్టి తప్పంతా మీమీద వేయను.

మంచం పట్టిన మా ఆవిడకు నడుము కింద పుండ్లు పడ్డాయి. రోజూ వచ్చి కట్టు మార్చే నర్సమ్మ కారుకు మీవాళ్ళు రెండుసార్లు జరిమానా రాశారు. "బాబాయ్, నా జీతం దీనికే పోతోంది, ఇక రాలేను" అంది.

ఆమె కారుకు పర్మిట్ అడగడానికి మీ కౌంటరుకు వచ్చాను. "రోగి పేరు మీద బండుందా?" అన్నాడు మీ గుమస్తా.

"మంచం దిగని మనిషికి బండెందుకు బాబూ?"

"అయితే అర్జీ ఇచ్చి వెళ్ళండి, చూస్తాం."

కట్టు నేనే మార్చాను. నాకు చేతకాలేదు. పుండ్లు చీము పట్టాయి. ఆస్పత్రికి తీసుకెళ్ళేసరికే ఆలస్యమైపోయింది. సోమవారం ఆవిడ పోయింది. గురువారం పర్మిట్ వచ్చింది.

దయచేసి దాన్ని రద్దు చేయకండి. ఎదురింటి పెద్దాయనను నిన్న స్ట్రెచర్ మీద ఇంటికి తెచ్చారు. ఆయనకూ నర్సు రావాలి. పర్మిట్‌ను మా ఆవిడ పేరు నుంచి ఆయన పేరుకు మార్పించడానికి రేపు పదింటికి వస్తాను. మా ఆవిడ మరణ ధ్రువీకరణ పత్రం తెస్తున్నాను. ఇంకో కాగితం తెమ్మంటే మాత్రం, ఆయనకు అంత వ్యవధి లేదు.

ఇట్లు,
తొమ్మిదో నంబరు ఇంటాయన