చెత్తలో పడిన తెలుగు కామెంట్లు

మా కామెంట్లన్నీ చెత్తలో పారేసినావు, సుదర్శనన్నా. సైట్లు కట్టే వర్డ్‌ప్రెస్ సాఫ్ట్‌వేర్ గురించి వార్తలు, చిట్కాలు తెలుగులో రాసే సైటు నీది. స్పామ్ ఏరేసే ప్లగిన్ కొత్తగా వచ్చిందని పొగిడి, ముందు నీ సైటులోనే పెట్టుకున్నావు. ఇంగ్లీషు కాని కామెంట్లు తుడిచెయ్యమనే టిక్కు దాంట్లో ఉంటే, చూడకుండానే ఆన్ చేసినావు. తెలుగు సైటులో తెలుగే చెత్తయింది. గాబరాపడి ఇప్పుడు కామెంట్లు రాసే చోటే మూసేసినావు. "బ్యాకప్ లేకుండా ప్లగిన్ ముట్టుకోవద్దప్పా" అని మాకు నేర్పింది నువ్వే కదా!

నేను కళ్యాణదుర్గంలో ఫ్లెక్సీల షాపులో పనిచేస్తా. కాలేజీ ముఖం చూడలేదు. నీ చిట్కాలు, వాటి కింద గోరంట్ల నుంచి లక్ష్మీప్రసన్న రాసే జవాబులు చదివి సైట్లు చేసే పని నేర్చుకున్నా. "ఏమప్పా, మళ్లీ సైటు పగలగొట్టినావా?" అనే మొదలుపెట్టేది. రెండేళ్లు అక్కడే మాట్లాడుకున్నాం. ఆమె నంబరు నా దగ్గర లేదు. ముఖం కూడా తెలియదు.

పోయిన సోమవారం అడిగింది: "వచ్చే ఆదివారం కాక పై ఆదివారం కళ్యాణదుర్గం వస్తాండా. మీ షాపు యాడుండాది?" షాపు అడ్రసు రెండు ముక్కలే. అయినా మూడు రోజులు రాసి కొట్టేసినా. నాలుగో రోజుకు పేజీ ఖాళీ. నాకు ఇష్టం లేక ఊరుకున్నాననుకుంటుంది.

సైటుకు చోటిచ్చే హోస్టింగ్ వాళ్ల దగ్గర దాని పాత కాపీ పదిహేను రోజులుంటుందని నువ్వే రాసినావు. అది తెప్పించు. ఆమె ప్రశ్న మళ్లీ ఆ పేజీలో ఉండాల, దాని కింద నేను రాసే చోటు తెరిచి ఉండాల. ఎప్పుడు పెడతావో బుధవారం సాయంత్రం లోపల నాకు జవాబు రాయి.