ఎనిమిది గంటలకు రెండు రింగులు

1999వ సంవత్సరం అక్టోబరు 10, ఆదివారం నాడు, రంగారెడ్డి జిల్లా, శేరిలింగంపల్లి మండలం, కొండాపూర్ గ్రామ నివాసి, కీర్తిశేషులు బుచ్చయ్య గారి పెద్ద కుమారుడు, బాలానగర్‌లో ముప్పై ఒక్క ఏళ్లు లేత్ మిషను మీద పనిచేసి రిటైరైన లింగమూర్తి అనే నేను, వయసు అరవై మూడు, నా వెనక ఉండేవాళ్ల కోసం రాసి పెడుతున్న వీలునామా ఏమనగా:

నా తెలివి నిలకడగా ఉంది. నన్ను ఎవరూ బెదిరించలేదు, బతిమాలలేదు, నాకు మందు తాగించలేదు. గుండె సంగతి వేరు. దవాఖానలో డాక్టరు రెండోసారి కూడా పెదవి విరిచాడు. అయితే గుండె బాగా లేకపోయినా తెలివి బాగున్నట్టే లెక్క అని వకీలు రామ్మోహనరావు గారు అభయమిచ్చారు. ఆయన రాజమండ్రి నుంచి వచ్చి మా పక్కింట్లో స్థిరపడ్డ మనిషి. ఈ వీలునామాను అమలు జరిపే బాధ్యత ఆయనదే. క్లాజుల నంబర్లూ, 'సర్వహక్కులు' వంటి మాటలూ ఆయనవి. మిగతావి నావి. అవి కొట్టేయడానికి ఆయన చాలా ప్రయత్నించారు.

నిజం చెప్పాలంటే ఈ వీలునామాకు కారణం గుండె కాదు, మా బల్ల మీద వారం రోజులుగా నా సంతకం కోసం ఎదురుచూస్తున్న ఒక దరఖాస్తు. దాని సంగతి ఆరో క్లాజులో వస్తుంది. ముందుకు ఉరకకుండా వరసగా చదవండి.

1. నా స్వార్జితమైన ఈ ఇల్లు, పెరడు, బావితో సహా నా భార్య చంద్రమ్మ జీవితాంతం అనుభవించాలి. ఆమె తదనంతరం నా కుమారుడు రవీందర్‌కు సర్వహక్కులతో చెందాలి. ఇల్లు కట్టేటప్పుడు వంటింటికి తూర్పు కిటికీ పెట్టిస్తానని చంద్రమ్మకు మాటిచ్చాను. ఇరవై నాలుగేళ్లయింది, గోడ అలాగే ఉంది. నేనున్నా లేకున్నా వచ్చే వేసవిలోపు రవీందర్ ఆ కిటికీ పెట్టించాలి. పొగలో కళ్లు తుడుచుకుంటూ వండిందే కానీ ఆమె ఒక్కసారి కూడా ఆ మాట ఎత్తలేదు. మరిచిపోయాననుకున్నదేమో. నాకు గుర్తుంది చంద్రమ్మా.

2. రిటైరైన రోజు కంపెనీ వాళ్లిచ్చిన చేతిగడియారం రవీందర్‌కు. మా మిద్దె మీద నిలబడితే వాడు పనిచేసే హైటెక్ సిటీ గుండ్రటి మేడ కనిపిస్తుంది. మేం చిన్నప్పుడు మేకల వెంట తిరిగిన బండల మధ్య అద్దాల మేడ లేచింది, అందులో నా కొడుక్కి ఒక కుర్చీ ఉంది. వాడి ముందర ఎన్నడూ మెచ్చుకున్నవాణ్ణి కాదు. ఇక్కడ రాస్తున్నాను, చదువుకోనీ. వాణ్ణి చూస్తే నాకు గర్వం. సాయంత్రం దీపాలు వెలిగినప్పుడు నేను మిద్దె ఎక్కేది గాలి కోసం కాదు.

3. మా అమ్మ శారదమ్మ వెండి కుంకుమభరిణె నా కోడలు రోహిణికి. ఆమె కాపురానికి వచ్చిన ఏడాది వంటలో పులుపు తక్కువని రోజూ వంక పెట్టాను. ఇప్పుడు ఆమె చేసే పచ్చిపులుసు లేకపోతే నాకు ముద్ద దిగదు. వంక పెట్టినంత గట్టిగా మెచ్చుకోవడం నాకు చేతకాలేదు. క్షమించు తల్లీ.

4. మనవరాలు వర్షితకు నా వెర్నియర్ కాలిపర్. తొమ్మిదేళ్ల పిల్లకు ఇనప కొలబద్ద ఎందుకని నవ్వకండి. దాంతో తన జుట్టులో వెంట్రుక మందం కొలిచి, నాన్న వెంట్రుకతో పోల్చి చూసిన పిల్ల అది. ఇంట్లో ఫోను తుడిచే పని, రిసీవరు సరిగ్గా పెట్టిందీ లేనిదీ చూసే పని కూడా వర్షితదే. కారణం ఆమెకు తెలుసు.

5. 1978లో నా స్క్రూగేజి అడిగి తీసుకుని ఇప్పటిదాకా తిరిగివ్వని నా మిత్రుడు యోహానుకు ఆ స్క్రూగేజినే ఇందుమూలంగా ఇస్తున్నాను. అది తనదేనని వాడు పది మందిలో ఒట్టేసి చెప్పాడు. ఆదివారం ఆదివారం చర్చికి పోయే మనిషి. పరలోకంలో ఈ ఒక్క విషయానికి ఇబ్బంది పడకూడదు.

6. ఇక ఫోను. 1985లో అర్జీ పెడితే 1991లో వచ్చింది. లైన్‌మన్ తీగ లాగి వెళ్లగానే మా అమ్మ దానికి బొట్టు పెట్టి కొబ్బరికాయ కొట్టింది. నా తమ్ముడు నర్సింహకు నార్సింగిలో పాలకేంద్రం ఉంది కాబట్టి వాడికి అంతకుముందే ఫోనుంది. వాడు రోజూ సాయంత్రం బండి మీద ఇటువైపు ఇళ్లకు పాలు పోసి, అమ్మ దగ్గర కాసేపు కూర్చుని పోయేవాడు. అప్పుడు ఈ దారిలో దీపం లేదు, మనిషి అలికిడి లేదు, బండలూ వాగూ తప్ప. అందుకని అమ్మ ఒక పద్ధతి పెట్టింది. ఇల్లు చేరగానే రెండు రింగులిచ్చి పెట్టేయాలి. మేం ఎత్తకూడదు. సుమారు ఎనిమిదింటికి ఫోను రెండుసార్లు మోగితే, "చిన్నోడు చేరిండు. ఇగ అన్నం పెట్టుండ్రి" అనేది. మోగేదాకా కంచం ముందు కూర్చునేది కాదు.

1995 జూలైలో ఒక సాయంత్రం వాన దంచి కొడుతోంది. ఎనిమిదింటికి రెండు రింగులు వచ్చాయి. అమ్మ అన్నం తిని, గోడకు ఒరిగి, అలాగే పోయింది. బాధ పడలేదు. నేను ఫోను దగ్గరికి పోయి నిలబడ్డాను. వాగు పొంగుతోంది. చెబితే వాడు ఆగడు, ఆ వానలో బండి తీస్తాడు. ఒక్కరోజు ఇద్దర్ని పోగొట్టుకుంటానేమోనని భయమేసింది. తెల్లారాక చెప్పాను.

వాడు వచ్చాడు, అమ్మను మోశాడు, అన్నీ దగ్గరుండి చేశాడు. పదకొండో రోజు భోజనాలయ్యాక అందరి ముందర అడిగాడు. "అమ్మ పోయిందని తెల్వక నేను రాత్రంత పండుకున్ననా? ఇంట్ల గీ ఫోను ఎందుకున్నదే అన్నా? రింగులు కొట్టుకోనీకేనా?" జవాబు లేనివాడు చేసే పనే నేనూ చేశాను, గొంతు పెంచాను. "ఇగ నీ కడప తొక్క" అని వాడు బండెక్కి పోయాడు. మేం చాపలు చుట్టుకుంటున్నాం. ఎనిమిదింటికి ఫోను మోగింది. రెండు రింగులు. నేను ఏడ్చాను. చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు.

ఆ రోజు నుంచి ఈ రోజు దాకా వాడు మా గడప తొక్కలేదు, ఇటువైపు పాలు పోయడం కూడా మానేశాడు. రింగులు మాత్రం ఏ రోజూ తప్పలేదు. ఎక్కడికీ పోని మనిషి, ఇల్లు చేరానని నాలుగేళ్లుగా రోజూ చెబుతున్నాడు. నేను ఎత్తను. ఎత్తితే మాట్లాడాలి, ఏం మాట్లాడాలో తెలియదు. ఒకసారి ఎత్తితే మర్నాటి నుంచి ఆ రెండు కూడా రావేమోనని ఇంకో భయం. చంద్రమ్మ రింగులయ్యాకే నాకు కంచం పెడుతుంది. "ముసలామె పోయింది, ముసలాయనకు అలవాటు అంటించి పోయింది" అని నవ్వుతుంది.

పోయిన ఏడు ఒకరోజు వర్షిత ఆడుకుంటూ రిసీవరు వంకరగా పెట్టింది. ఎనిమిదయింది, ఎనిమిదిన్నరయింది, ఫోను మోగలేదు. నేను అరుగు మీదికి వచ్చి కూర్చున్నాను. కాసేపటికి సందు చివర బండి ఆగింది. నర్సింహ. దిగలేదు. నన్ను చూశాడు, నేను వాణ్ణి చూశాను. బండి తిప్పుకుని పోయాడు. ఇంట్లోకి వచ్చి రిసీవరు సరిచేశాక ముక్కాలు గంటకు రెండు రింగులు వచ్చాయి.

ఇప్పుడు బల్ల మీది కాగితం సంగతి. అది ఈ ఫోను వాపసు ఇచ్చే దరఖాస్తు. కనెక్షన్ నా పేరున ఉంది కాబట్టి నా సంతకం కావాలి. రవీందర్ మాటల్లో తప్పు లేదు. వాడికీ కోడలికీ సెల్లులున్నాయి, నాకూ ఒకటి కొనిస్తానన్నాడు. "ఇంకా ఈ ఫోను ఇంట్ల ఎందుకు నాయినా?" అన్నాడు. తమ్ముడు అడిగిన ప్రశ్నే కొడుకూ అడిగాడు. వాడికి తెలిసి కాదు. చిన్నాయన రింగులు నాయినమ్మతోనే ఆగిపోయాయనీ, ఎనిమిదింటికి వాడు ఆఫీసులో ఉన్నప్పుడు వచ్చేవి ఏదో రాంగ్ నంబరనీ వాడికి అబద్ధం చెప్పాను. వర్షిత ఒక్కదానికే నిజం చెప్పాను.

కొడుకా, సెల్లులో ఎవరు చేశారో అద్దం మీద పడుతుంది. తమ్ముడి నంబరు చూసి కూడా ఎత్తకపోతే అది అవమానం. ఈ నల్ల ఫోనులో ఎత్తకపోవడం ఒక మర్యాద. ఇద్దరికీ తెలుసు, ఇద్దరికీ తెలియనట్టు ఉండవచ్చు. కాబట్టి, నేనున్నా లేకున్నా, నర్సింహ జీవించి ఉన్నంతకాలం ఈ కనెక్షన్ తీసేయరాదు, నంబరు మార్పించరాదు, ఎనిమిది ముందూ వెనకా ఎవరూ దాని మీద ముచ్చట్లు పెట్టరాదు. మిగతా ఇళ్లకు ల్యాండ్‌లైన్ అవసరమా కాదా నాకు తెలియదు. ఈ ఇంటికి అవసరం.

7. మా అమ్మ తిన్న కంచు కంచం నా తమ్ముడు నర్సింహకు. అంచు దగ్గర చిన్న సొట్ట ఉంది, వాడు చిన్నప్పుడు పడేస్తే పడ్డదే. నాలుగేళ్లుగా చింతపండుతో తోమించి పెడుతున్నాను.

8. నా ప్రాణం ఏ గంటకు పోతే ఆ గంటకే నర్సింహకు ఫోను చేయాలి. వాన పడుతున్నా, వాగు పొంగినా, తెల్లారేదాకా ఆగరాదు. రావడమా మానడమా వాడిష్టం. ఆ నిర్ణయం వాడి బదులు నేను తీసుకోవడమే నేను చేసిన తప్పు. ఫోను చేసినవాళ్లు ముందు ఈ ఒక్క మాట చెప్పాలి: "అన్న తప్పు ఒప్పుకున్నడు."

ఇంతకు మించి నాకు ఆస్తి లేదు. ఇంతకుముందు రాసిన వీలునామా కూడా లేదు.

అనుబంధం

అక్టోబరు 17, ఆదివారం. పోయిన వారం సంతకాలు కాలేదు. కారణం రామ్మోహనరావు గారు. మొత్తం పైకి చదివి, కళ్లజోడు తీసి, "ఏవండీ లింగమూర్తి గారూ, పోయాక చేయమంటున్న ఫోను ఉండగానే చేసుకుంటే కోర్టు ఏమైనా వద్దంటుందాండీ?" అని అడిగారు. నాకు ఒళ్లు మండింది. మా ఇంటి సంగతి మీకెందుకని అనేశాను. ఆయన కాగితాలు మడిచి పెట్టి వెళ్లిపోయారు.

ఆయన మాట మాత్రం మూడు రోజులు ఇంట్లోనే తిరిగింది. బుధవారం ఎనిమిదింటికి మొదటి రింగు రాగానే రిసీవరు ఎత్తాను.

అవతల నుంచి వాడి కేక. "వదినా! అన్నకేమైంది?" అప్పుడు అర్థమైంది నేను చేసిన పని. నాలుగేళ్లుగా ఎత్తని ఫోను ఈ ఇంట్లో ఎవరో ఎత్తారంటే వాడికి తోచే అర్థం ఒక్కటే. నేనేరా అనడానికి మాట కూడదీసుకునేలోపే అవతల రిసీవరు పడిపోయిన చప్పుడు. తిరిగి చేస్తే లైను ఖాళీ లేదు. రిసీవరు వేలాడుతున్నట్టుంది.

ముక్కాలు గంట పట్టే దారి అరగంటలో వచ్చాడు. చెప్పులు లేవు. గేటు తోసుకుని వచ్చేసరికి అరుగు మీద నేను కూర్చుని ఉన్నాను. వాడు స్తంభం పట్టుకుని నిలబడి ఊపిరి తీసుకున్నాడు. తర్వాత, "బతికే ఉన్నవా! బతికుండి నోరు తెరవనీకేమొచ్చిందే నీకు? పానం పోయినంత పనైంది నాకు!" అని వీధి వీధంతా వినేటట్టు తిట్టాడు. ఇంకా చాలా అన్నాడు. అవి వీలునామాలో రాసేవి కావు. తిట్లు అయిపోయాక వెక్కివెక్కి ఏడ్చాడు. ఎనిమిదో క్లాజులో నా వెనక ఎవరో చెప్పాల్సిన మాట నేనే చెప్పాను. "తప్పు నాది నర్సింహా. వానకు భయపడ్డ." వాడు ముక్కు తుడుచుకుని, "నాకెర్కే. గా వాగు నేను జూడనిదా?" అన్నాడు. ఎరికైతే నాలుగేళ్లు ఎందుకు రాలేదని నేను అడగలేదు. నేనెందుకు పోలేదని వాడూ అడగలేదు.

చంద్రమ్మ అమ్మ కంచంలో వాడికి అన్నం పెట్టింది. రోహిణి పచ్చిపులుసు రెండుసార్లు పోయించుకున్నాడు. పోయేటప్పుడు కంచం కడిగించి, కండువాలో చుట్టి, బండికి కట్టుకుని పోయాడు. వాడు పోయాక రెండు రింగులు వచ్చాయి. ఎత్తలేదు. చేరాడు, చాలు.

అందువల్ల ఏడో క్లాజు రద్దు, కంచం చేతికి అందింది కాబట్టి. ఆస్తి పొందేవాడు సాక్షిగా ఉంటే రేపు ఎవరైనా పేచీ పెట్టొచ్చని రామ్మోహనరావు గారన్నారు. ఇప్పుడు వాడికి ఈ వీలునామాలో రావలసిందేమీ లేదు. ఆయనకు నేను పోయిన వారం అన్న మాటకు క్షమాపణ కూడా ఇందులోనే. ఎనిమిదో క్లాజులో మొదటి సగం ఉంటుంది, చివరి మాట కొట్టేశాం. ఆరో క్లాజు యథాతథం. రవీందర్ అది చదివి, బల్ల మీది దరఖాస్తు తెచ్చి, "వెనక్కి తిప్పి దీని మీద రాసుకో నాయినా" అన్నాడు. ఈ అనుబంధం రాసింది దాని వెనకే.

కొండాపూర్
17-10-1999

(సంతకం) లింగమూర్తి

సాక్షులు:

1. (సంతకం) రామ్మోహనరావు, వకీలు, కొండాపూర్. వీలునామా రాసిన వ్యక్తి నా ఎదుట సంతకం చేశారు.

2. (సంతకం) నర్సింహ, పాలకేంద్రం, నార్సింగి. రాసినాయన మా అన్న. తెలివితోనే ఉన్నడు, నేను కండ్లార సూసిన. నాలుగేండ్ల కింద ఇద్దరికీ లేకుండె.