డాబా మీద అడుగులు

అన్నయ్యా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. ఎల్లుండి నేను ఆర్మీ ట్రైనింగుకి బయల్దేరుతున్నా. నువ్వుంటే "దౌడ్‌లో నన్ను దాటు చూద్దాం" అని ఏడిపించేవాడివి.

పక్కనున్న సిల్తారా ఫ్యాక్టరీల నల్లధూళి ఇప్పటికీ రోజూ మన డాబా మీద పరుచుకుంటోంది. పొద్దున్నే అమ్మ ఊడ్చేలోపు నువ్వు చెప్పులిప్పి దాని మీద నడిచేవాడివి. వెనక్కి తిరిగి, వంగి, నీ అడుగులు నువ్వే చూసుకునేవాడివి. ఫ్లాట్ ఫుట్, అరికాలికి వంపు లేదని ఆర్మీ మెడికల్‌లో నిన్ను తిప్పి పంపేశారు కదా. అరికాలికి వంపొస్తే అడుగు మధ్యలో ధూళి చెదరకుండా మిగులుతుందనేవాడివి. దానికోసం కాలివేళ్లతో గోలీలు ఏరావు, పాదం కింద సీసా దొర్లించావు. జ్వరంతో మంచాన పడ్డ రోజు కూడా మేడెక్కి చూసుకున్నావు. అడుగు నిండుగానే పడింది.

ఇప్పుడు అక్కడే నేను స్కిప్పింగ్ చేస్తున్నా. ఇవాళ డాబా తలుపు తాళం తీసింది నేనే. కానీ నాకంటే ముందే ధూళిలో అడుగులున్నాయి, ఈ గోడ నుంచి ఆ గోడదాకా. ఎడమకాలి చిటికెనవేలు పక్కకి తిరిగి ఉంది. చిన్నప్పుడు నేను సైకిల్ ఎక్కించిన వేలు.

భయమేసి అమ్మని కేకేశా. చీపురుతో వచ్చి, చాలాసేపు చూసింది. "ఇవాళ్టికి ఊడవనులే" అని కిందికి వెళ్లిపోయింది.

అప్పుడు నీలాగే వంగి చూశాను అన్నయ్యా. ఒక్క అడుగులో కూడా మధ్యలో ధూళి చెదరలేదు.

వంపు వచ్చేసింది. ఇప్పుడైతే నిన్ను తీసుకుంటారు.

నీ చెల్లి