పుల్లీకి పసుపు

మాఘమాసం, బుధవారం రాత్రి

పసుపు పూయడానికి మా బావకు నా కారు ఇంజనే దొరికిందా? రేపు తెల్లారేసరికి ఆయన కొడుకును పెళ్లికొడుకుగా ఆడపిల్లవాళ్ల ఊరు తర్లుపాడు చేర్చాల్సింది ఈ కారే. ఇంజను ముందు తిరిగే చక్రం, పాత క్రాంకు పుల్లీలో రబ్బరు పోయి ఇంజను మలేరియా రోగిలా వణుకుతోందని కర్నూలు నుంచి బస్సులో కొత్తది తెప్పించాను. మెకానిక్ ఖాదర్ అన్నానికి అట్లా వెళ్లాడో లేదో, బావ దానికి పసుపు కుంకుమలు పెట్టాడు. పైపైన పెడితే సరే. ఇరుసు దూరే బెజ్జం లోపల కూడా గడపకు పూసినట్టు దట్టంగా పూశాడు. అది ఎండి గట్టిపడింది. ఖాదర్ తిరిగొచ్చి ఎక్కించబోతే పుల్లీ సగం ఎక్కి బిగుసుకుపోయింది.

"సుత్తితో నాలుగు పోట్లు ఎయ్ ఖాదరూ," అన్నాడు బావ.

"కొడితే లోపల రబ్బరు పోతాదన్నా. పెండ్లికొడుకు ఎద్దులబండిలో పోవాల్సొస్తాది."

"మంచిదని పసుపు పెట్టినా. తప్పేంది?"

"పెండ్లి నీ కొడుక్కి బావా, పుల్లీకి కాదు," అన్నాను.

ఖాదర్ దాన్ని ఊడలాగి, కిరసనాయిలుతో కడిగి, బోల్టు మెల్లగా బిగిస్తూ చివరిదాకా ఎక్కించాడు. ఇప్పుడు ఇంజను మీద గ్లాసుడు నీళ్లు పెట్టినా తొణకడం లేదు.

ఇక పెళ్లయ్యేదాకా బావను బానెట్టు దరిదాపులకు రానివ్వకూడదు. అదిగో, వాకిట్లోంచి మా అమ్మాయి కేక.

"నాయనా! మామ పసుపు గిన్నె ఎత్తుకోని మల్లా బండికాడికి పోయినాడు!"

ఈ మనిషిని నేను ఏం చే—